మీల్ మేకర్ కూర, బావగారి గొర్రెలు, అమ్మాయి పరీక్షలు

వనస్థలిపురం నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయవద్దని కోరారు. ఆమెకు 49 ఏళ్ళు, ప్రైవేటు బడిలో టీచరు. ఇంటిల్లిపాదీ శాకాహారులు. ఎదిగే పిల్లలకు మాంసకృత్తులు చాలవేమోనన్న భయంతో దాదాపు ఇరవై ఏళ్ళుగా వారానికి రెండుసార్లు మీల్ మేకర్ కూర వండుతున్నారు. ఆదివారం బగారా అన్నంలోకి అదే కూర. పెద్దమ్మాయికి పెళ్ళయి రెండున్నరేళ్ళు గడిచినా ఇంకా కడుపు పండలేదు. దసరాకు ఇంటికి వచ్చిన ఈ టీచరుగారి బావగారు, పశువైద్యుడిగా పనిచేసి రిటైరైన పెద్దమనిషి, విస్తట్లో ఆ కూర చూసి, సోయాలో ఆడ హార్మోను ఉంటుందని, అటువంటి పదార్థమే ఉన్న మేత తిని ఆస్ట్రేలియాలో గొర్రెల మందలు చూలు కట్టకుండా పోయాయని చెప్పారు. ఆ మాట టీచరుగారి అత్తగారి చెవిన పడి, అక్కడి నుంచి ఫోనులో వియ్యపురాలి దాకా వెళ్ళింది. "నువ్వు పెట్టిన తిండే పిల్లకు శాపమైంది" అని అత్తగారు నలుగురిలో అనేశారట. 16 ఏళ్ళ కొడుకు, స్నేహితులు ఎగతాళి చేస్తారని, ఆ కూర గిన్నె వైపే చూడటం లేదు.

ఉత్తరంలో ఆమె సొంత ఆరోగ్యం సంగతులు కూడా ఉన్నాయి. ఎనిమిదేళ్ళుగా థైరాయిడ్ మాత్ర వేసుకుంటున్నారు. అయిదు నెలల కిందటి దాకా 3.1 ఉన్న టీఎస్‌హెచ్ (ఒంటికి థైరాయిడ్ చాలనప్పుడు పెరిగే కొలత) ఇప్పుడు 7.8కి పెరిగింది. నెలసరి ఆగి ఏడాది దాటింది, రాత్రిళ్ళు ఒంట్లో ఆవిర్లు వచ్చి చీర తడిసిపోతోంది. తోటి టీచరు ఒకరు రోజుకు 100 మిల్లీగ్రాముల సోయా ఐసోఫ్లేవోన్ల క్యాప్సూళ్ళు తెచ్చి ఇచ్చారు, నెల రోజులుగా వాడుతున్నారు. ఆమె చెల్లెలు రొమ్ము క్యాన్సర్‌కు చికిత్స పూర్తిచేసుకొని టామాక్సిఫెన్ (జబ్బు తిరగబెట్టకుండా ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోనును అడ్డుకునే మాత్ర) వాడుతున్నారు. "నా పిల్లకు నేనే కీడు చేశానా? ఈ క్యాప్సూళ్ళతో నాకు నేనే కీడు చేసుకుంటున్నానా?" అన్నవి ఆమె ప్రశ్నలు.

అమ్మా,

మీ బావగారు కల్పించి చెప్పలేదు. పశ్చిమ ఆస్ట్రేలియాలో 1940ల తొలి సంవత్సరాల్లో అది నిజంగానే జరిగింది. ముందు ఈ సంగతి ఒప్పుకోకపోతే మీ ఇంట్లో చర్చ ముందుకు సాగదు. నిజంగా జరిగినదాన్ని మీరు కట్టుకథ అని కొట్టిపారేస్తే, ఆయన దాని మీద ఆధారపడి చెప్పిన మిగతాదంతా కూడా నిజమేనని అందరూ తీర్మానించుకుంటారు.

అక్కడి రైతులు సారం లేని నేలల్లో కూడా బాగా పెరుగుతుందని సబ్‌టెర్రేనియన్ క్లోవర్ అనే మేత మొక్కను విస్తారంగా వేశారు. మన పాడి రైతులకు తెలిసిన బర్సీం దానికి దగ్గరి చుట్టమే. కొన్నేళ్ళపాటు అదే మేసిన గొర్రెల్లో చూలు కట్టేవి తగ్గిపోయాయి, కట్టినవాటిలో కష్టకాన్పులు పెరిగాయి, కొన్నింటికి గర్భసంచి జారింది. విత్తులు కొట్టిన పోతులకు సైతం పొదుగు ఉబ్బి పాలు కారాయి. 1946లో బెన్నెట్స్, అండర్‌వుడ్, షియర్ అనే ముగ్గురు ఈ జబ్బును వర్ణిస్తూ వ్యాసం ప్రకటించారు. కారణం ఐసోఫ్లేవోన్లని తర్వాతి పరిశోధనల్లో తేలింది. ఇవి చిక్కుడు జాతి మొక్కలు తమ అవసరం కోసం తయారుచేసుకునే పదార్థాలు. వేళ్ళ దగ్గరికి నత్రజనిని పట్టి ఇచ్చే బ్యాక్టీరియాను రప్పించుకోవడానికి, బూజు తెగుళ్ళను ఎదుర్కోవడానికి వాటికి ఇవి పనికివస్తాయి. వీటి అణువు ఆకృతి ఆడ హార్మోను ఈస్ట్రోజెన్‌ను కొంత పోలి ఉంటుంది కనుక ఆ హార్మోను అతుక్కునే గ్రాహకాలకు ఇవి కూడా అతుక్కోగలవు, అయితే చాలా బలహీనంగా. సోయాలో ఆడ హార్మోను ఉందన్న మాట ఈ పోలికను బట్టి పుట్టిందే తప్ప, సోయా గింజలో ఆ హార్మోను ఉండి కాదు.

ఇక గొర్రెకు ఏమైందో కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే మీ సందేహానికి జవాబు చాలావరకు గొర్రె పొట్టలోనే ఉంది. సోయాలో ప్రధానంగా ఉండేవి జెనిస్టీన్, డైడ్జీన్. ఆ క్లోవర్‌లో జెనిస్టీన్‌తోపాటు ఫార్మోనోనెటిన్ అనే మరొకటి దండిగా ఉంటుంది, సోయాలో అది లేనట్టే లెక్క. మొదట్లో అందరూ జెనిస్టీన్‌నే అనుమానించారు. తీరా చూస్తే, నెమరువేసే జంతువు పెద్దపొట్టలోని సూక్ష్మజీవులు జెనిస్టీన్‌ను విరగ్గొట్టి పనికిరాని పదార్థంగా మార్చేస్తున్నాయి. ఏ మాత్రం బలంలేదనుకున్న ఫార్మోనోనెటిన్‌ను మాత్రం ముందు డైడ్జీన్‌గా, ఆ తర్వాత ఈక్వాల్ అనే మరింత చురుకైన పదార్థంగా మారుస్తున్నాయి. ఆ ఈక్వాలే గొర్రె రక్తంలో తిరుగుతూ గర్భాశయ ముఖద్వారాన్ని చెడగొట్టింది. (ఈ పేరు గుర్రం నుంచి వచ్చింది, 1932లో దాన్ని మొదట వేరుచేసింది చూలుతో ఉన్న గుర్రం మూత్రం నుంచి.) అదే పచ్చికలో మేసిన ఆవులకు ఇంత నష్టం జరగలేదు. అంటే గొర్రె నుంచి ఆవుకే ఆ లెక్క సరిగ్గా వర్తించలేదు.

మోతాదు సంగతి చూడండి. ఆనాటి చెడ్డ రకాల క్లోవర్‌లో ఎండు బరువు లెక్కన ఫార్మోనోనెటిన్ ఒక శాతం దాకా ఉండేది. ఒక గొర్రె రోజుకు ఒకటిన్నర కిలోల ఎండు మేతకు సమానమైన పచ్చిక తింటే దాని పొట్టలోకి 15 గ్రాములు, అంటే 15,000 మిల్లీగ్రాములు చేరుతుంది; అదీ నెలల తరబడి, మరో మేత లేకుండా. మీరు ఒక మనిషికి 30 గ్రాముల మీల్ మేకర్ లెక్కన వండారనుకుంటే అందులో మొత్తం ఐసోఫ్లేవోన్లు సుమారు 40 నుంచి 50 మిల్లీగ్రాములు. పైగా వేడినీళ్ళలో నానబెట్టి, అరచేతుల మధ్య గట్టిగా పిండి, ఆ నురగ నీళ్ళు పారబోస్తారు కదా, వాటితో కొంత భాగం పోతుంది. వారానికి రెండు పూటలు. జపాన్‌లో పెద్దవాళ్ళు సగటున రోజూ 25 నుంచి 50 మిల్లీగ్రాముల దాకా తింటారు, అదీ తరతరాలుగా.

మీ బావగారితో మాట్లాడే అవకాశం వస్తే గొర్రెల సంగతి పక్కనపెట్టి కోళ్ళ సంగతి అడగండి. మన చుట్టుపక్కల కోళ్ళ ఫారాల్లో దాణా అంటే ప్రధానంగా మక్కలు, సోయా డీఓసీ (నూనె తీసిన సోయా చెక్క). ఆ దాణా తినే గుడ్ల కోడి ఏడాదికి 300కు పైగా గుడ్లు పెడుతుంది. ఇది ఆయన కళ్ళారా చూసిందే. కోడి నెమరువేయదు, గొర్రె వేస్తుంది. తేడా అక్కడే మొదలైంది. ఉత్తర అమెరికా జంతు ప్రదర్శనశాలల్లోని చీతాలకు పిల్లలు పుట్టకపోవడానికి, కాలేయ జబ్బులకు వాటి ఆహారంలో కలిపిన సోయా కారణం కావచ్చని 1987లో అనుమానించారు. పిల్లి జాతి కాలేయానికి ఇటువంటి పదార్థాలను మార్చి బయటకు పంపే శక్తి తక్కువ. ఎలుకల శరీరం కూడా వీటిని మనలా వాడుకోదు. కాబట్టి "జంతువుల్లో తేలింది" అన్న మాట వినగానే "ఏ జంతువులో, ఎంత పెడితే" అని అడగడం అలవాటు చేసుకోండి.

మనుషుల్లో ఏమని తేలింది? మీ ప్రశ్నకు అతి దగ్గరగా వచ్చే అధ్యయనం 2001లో అమెరికాలో ప్రకటించినది. పసితనంలో తల్లిపాలకు బదులు సోయా పాలపొడి తాగినవారు, ఆవుపాల పొడి తాగినవారు, కలిపి 811 మందిని, 20 నుంచి 34 ఏళ్ళ వయసుకు వచ్చాక పరిశీలించారు. శిశువు రోజంతా అదే తాగుతుంది కనుక, శరీర బరువును బట్టి చూస్తే అంతటి మోతాదు మీ అమ్మాయి జన్మలో ఎన్నడూ తిని ఉండదు. సోయా తాగిన ఆడవారిలో నెలసరి రక్తస్రావం కొద్దిగా ఎక్కువ కాలం, ఆ రోజుల్లో ఇబ్బంది కొద్దిగా ఎక్కువగా ఉండటం తప్ప, గర్భధారణలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. నెలసరి ఇంకా వస్తున్న స్త్రీలు ఐసోఫ్లేవోన్లు తీసుకున్న ప్రయోగాలన్నీ కలిపి చూస్తే నెలసరి చక్రం సుమారు ఒక రోజు పెరిగింది. బోస్టన్‌లో కృత్రిమ గర్భధారణ చికిత్స చేయించుకుంటున్న స్త్రీలలో సోయా తిన్నవారికి బిడ్డ పుట్టే అవకాశం కాస్త ఎక్కువగానే కనిపించిందని 2015లో ప్రకటించారు. దీనికి ఎదురుగా, అమెరికాలో రోజూ బాగా ఎక్కువ సోయా తినే ఒక సమూహపు స్త్రీలలో బిడ్డలు కలిగే అవకాశం స్వల్పంగా తగ్గినట్టు కనిపించిన అధ్యయనం కూడా ఉంది, దాన్ని దాచను. అయితే అక్కడి మోతాదు నిత్యం తినేవారిది, మీ ఇంటి ఆదివారపు కూరది కాదు. ఇవన్నీ చదివినవాడిగా నా అభిప్రాయం సూటిగా చెబుతున్నాను: మీ అమ్మాయికి మీరు కీడు చేయలేదు.

అబ్బాయి సంగతికి ఎక్కువ మాటలు అక్కర్లేదు. మగవారిలో సోయా వల్ల టెస్టోస్టిరాన్ తగ్గుతుందా అని చేసిన ప్రయోగాలను 2010లో ఒకసారి, 2021లో మరోసారి కలిపి లెక్కించారు, తగ్గలేదు. రొమ్ములు పెరిగాయని పదే పదే చెప్పుకునే 60 ఏళ్ళ అమెరికా మనిషి రోజుకు దాదాపు మూడు లీటర్ల సోయా పాలు తాగేవాడు, మానేశాక తగ్గిపోయింది. పిల్లవాడు తిననంటే బలవంతపెట్టకండి. పప్పు, శనగలు, పెరుగు, పనీర్ ఉన్నాయి. పదహారేళ్ళ వాడికి తల్లి చెప్పే శాస్త్రం కంటే స్నేహితుడి వెక్కిరింత పెద్దదిగా వినిపిస్తుంది.

మీ థైరాయిడ్ విషయంలో మాత్రం సోయాకు కొంత పాత్ర ఉండి ఉండవచ్చు, అయితే బావగారు అనుకుంటున్న విధంగా కాదు. మీ దినచర్య మీరే రాశారు: ఆరింటికి మాత్ర, వెంటనే కాఫీ, ఆరున్నరకు సోయా పాలు కలిపిన రాగి జావ, దాని మీద కాల్షియం మాత్ర. సోయా పాల జావ మొదలుపెట్టి అయిదు నెలలైందని మరో చోట రాశారు; టీఎస్‌హెచ్ పెరిగిందీ ఆ అయిదు నెలల్లోనే. థైరాయిడ్ మాత్రలోని మందు పేగుల్లోంచి రక్తంలోకి చేరకుండా సోయా, కాఫీ, కాల్షియం మూడూ అడ్డుపడతాయి. గ్రంథి చెడిపోవడం కాదు, మందు ఒంటికి పట్టకపోవడం కారణమై ఉండవచ్చు. ఒక దారి, పరగడుపున మాత్ర వేసుకొని గంట దాకా కాఫీతో సహా ఏమీ ముట్టకుండా ఉండి, కాల్షియాన్ని కనీసం నాలుగు గంటల తర్వాతకు, సోయా పాలను సాయంత్రానికి మార్చి, ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాత మళ్ళీ పరీక్ష చేయించడం. బడి వేళల వల్ల అది కుదరకపోతే, ఉన్న అలవాటునే రోజూ ఒకేలా పాటించి, ఆ సంగతి డాక్టరుకు చెప్పి మోతాదు సరిచేయించుకోవచ్చు. కాకపోతే ఒక రోజు జావ మానేసినా లెక్క తప్పుతుంది. మీ అంతట మీరు మాత్ర మోతాదు పెంచకండి. ఇంకో మాట: సోయా పాలపొడి తాగిన పసిపిల్లలకు థైరాయిడ్ గ్రంథి ఉబ్బి గొంతు వాచిన ఉదంతాలు 1960ల దాకా ఉన్నాయి, అయోడిన్ కలపడం మొదలుపెట్టాక అవి ఆగిపోయాయి. ఈ మధ్య మన ఇళ్ళలో సైంధవ లవణం మోజు పెరిగింది. మీ ఉప్పు డబ్బాలో ఉన్నది అయోడిన్ కలిపిన ఉప్పేనా, ఒకసారి చూసుకోండి.

క్యాప్సూల్ విషయానికి వచ్చేసరికి నేను కూరకు ఇచ్చినంత ధీమా ఇవ్వలేను. కూరలో ఐసోఫ్లేవోన్లు మాంసకృత్తులతో, పీచుతో కలిసి కొద్దికొద్దిగా వస్తాయి. క్యాప్సూల్‌లో వాటిని వేరుచేసి, చిక్కబరిచి, ప్రతిరోజూ ఒకే మోతాదులో మింగుతారు. ఆవిర్లకు ఇవి పనిచేయవని చెప్పను. ఉత్తుత్తి మాత్రలతో పోల్చినప్పుడు ఆవిర్ల సంఖ్య సుమారు ఐదో వంతు తగ్గుతుందని ప్రయోగాల సారాంశం. డైడ్జీన్‌ను ఈక్వాల్‌గా మార్చే సూక్ష్మజీవులు పేగుల్లో ఉన్నవారికి మేలు మరికొంత ఎక్కువని అనుకుంటున్నారు. పాశ్చాత్య దేశాల్లో అటువంటివారు నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా, జపాన్‌లో దాదాపు సగం మంది. మీ సహోద్యోగికి బాగా పనిచేసిన మాత్ర మీకు పనిచేయకపోవడానికి ఇది ఒక కారణం కావచ్చు. భద్రత సంగతి చూస్తే, నెలసరి ఆగిన స్త్రీలు రోజుకు 35 నుంచి 150 మిల్లీగ్రాముల మధ్య తీసుకున్నప్పుడు రొమ్ముకు, గర్భసంచికి, థైరాయిడ్‌కు హాని జరిగినట్టు ఆధారాలు లేవని యూరప్ ఆహార భద్రత సంస్థ 2015లో చెప్పింది. అయితే 150 మిల్లీగ్రాములు అయిదేళ్ళు వాడిన ఒక ఇటలీ ప్రయోగంలో కొద్దిమంది స్త్రీలకు గర్భసంచి లోపలి పొర మందమైంది.

మీరు వాడుతున్న మోతాదు ఆ హద్దులోనే ఉంది. అయినా మీ చెల్లెలి జబ్బు దృష్ట్యా, స్నేహితురాలు తెచ్చిచ్చిన క్యాప్సూళ్ళ పట్టీ మీద ఆధారపడకుండా గైనకాలజిస్టుకు చూపించి కొనసాగించాలన్నది నా సలహా. వాడదలచుకుంటే పన్నెండు వారాల గడువు పెట్టుకొని, రోజుకు ఎన్నిసార్లు ఆవిర్లు వచ్చాయో మంచం పక్కన చిన్న నోటు పుస్తకంలో గీతలు గీయండి. గీతలు తగ్గకపోతే డబ్బు దండగ, మానేయండి. మానేస్తే నష్టమేమీ లేదు, ఆవిర్లు యథాప్రకారం ఉంటాయి; వాటికి ఇంతకంటే గట్టిగా పనిచేసే హార్మోను చికిత్స, హార్మోను కాని మందులు కూడా ఉన్నాయి, వాటి లాభనష్టాలు డాక్టరు మీ కుటుంబ చరిత్ర చూసి చెప్పాలి. ఏ దారి పట్టినా, నెలసరి ఆగిన తర్వాత ఒక్క చుక్క రక్తం కనిపించినా క్యాప్సూల్ పక్కనపెట్టి వెంటనే చూపించుకోండి.

మీ చెల్లెలికి ఆ పట్టీ ఇవ్వకండి. రోగనిరోధక శక్తి లేని ఎలుకల్లో మనిషి రొమ్ము క్యాన్సర్ కణాలు పెట్టి జెనిస్టీన్ తినిపిస్తే గడ్డ పెరిగింది. మనుషుల్లో, షాంఘైలో 5,042 మంది రోగులను అనుసరించి 2009లో ప్రకటించిన అధ్యయనంలో, సోయా ఆహారం ఎక్కువగా తిన్నవారిలోనే జబ్బు తిరగబెట్టడం, మరణాలు తక్కువగా కనిపించాయి. ఆమె మీ ఇంటికి వచ్చినప్పుడు ఆ కూర వడ్డించడానికి వెనుకాడనక్కర్లేదు. ఆ ఊరట క్యాప్సూళ్ళకు వర్తించదు, వాటికి ఆమె క్యాన్సర్ డాక్టరు అనుమతి కావాలి.

ఇప్పుడు మీ ఉత్తరం మూడో పేజీ చివర అర వాక్యంలో రాసి వదిలేసిన సంగతి. అమ్మాయికి రక్త పరీక్షలు, స్కానింగులు, గొట్టాల పరీక్ష అన్నీ అయ్యాయి, అన్నీ బాగానే ఉన్నాయి, "అల్లుడికి మాత్రం ఆఫీసు ఒత్తిడి వల్ల ఇంకా కుదరలేదు" అన్నారు. అమ్మా, సంతానం ఆలస్యమైన జంటల్లో దాదాపు సగం మందిలో మగవారి వైపు కూడా కారణం ఉంటుంది. ఏడాది ప్రయత్నించినా ఫలితం లేనప్పుడు ఇద్దరినీ ఒకేసారి పరీక్షించాలి. వీర్య పరీక్ష సూది కూడా లేని పరీక్ష. రెండు నుంచి ఏడు రోజుల ఎడం పాటించి, ఒక ఉదయం ల్యాబుకు వెళ్తే సరిపోతుంది. గొట్టాల పరీక్షలో మీ అమ్మాయి పడిన నొప్పితో పోలిస్తే అది ఏపాటి? రెండున్నరేళ్ళుగా ఆ ఒక్క ఉదయం దొరకలేదు, ఈ లోపల నేరం ఇరవై ఏళ్ళ నాటి కూర గిన్నె మీదకు వచ్చింది.

ఈ మాట అల్లుడితో ఎవరు చెప్పాలి? మీరు చెబితే అత్తింటి నింద తిప్పికొట్టడానికి అన్నట్టు వినిపిస్తుంది, వియ్యపురాలు మరింత బిగుసుకుంటారు. అమ్మాయి చెప్పడం అన్నిటికన్నా సహజం, కానీ ఆమె ఇప్పటికే చెప్పి మాట పడి ఉండవచ్చు. ముందు ఆమెను ఒంటరిగా అడిగి తెలుసుకోండి, ఆమెకు ఇష్టం లేకుండా ఎవరినీ మధ్యలోకి తేకండి. డాక్టరు చేత చెప్పించడం మర్యాదైన దారి. తర్వాతి సారి ఇద్దరూ కలిసి రావాలని ఆవిడే చెబితే ఎవరికీ చిన్నతనం ఉండదు, కాకపోతే ఆ అపాయింట్‌మెంటు కూడా ఆఫీసు ఒత్తిడిలో పడి కొట్టుకుపోవచ్చు. అప్పుడు మిగిలేది మీ బావగారు. ఆయన మాట రెండు ఇళ్ళలోనూ చెల్లుతుందని మీరే రాశారు. ఆయన దగ్గర గొర్రెల కథను ఖండించే పని పెట్టుకోకండి. కథ నిజమేనని ఒప్పుకొని, మోతాదు లెక్క చూపించి, ఒకే ఒక్క ప్రశ్న అడగండి: "బావగారూ, మీ సర్వీసులో ఏ ఊళ్ళోనైనా మంద చూలు కట్టడం లేదని పిలిస్తే, మేత ఒక్కటే చూసి వచ్చేవారా, పొట్టేలును కూడా చూసేవారా?"